భ్రమరకీట న్యాయము – పట్టుపురుగు నేర్పు పాఠము



మనుష్యుడు నిజముగా మారగలడా? సాధకుల మనస్సులలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టక మానదు. ఇరువది సంవత్సరములుగా నిత్యపారాయణము చేయుచున్నవారు, ప్రతి కార్తికమునందును దీపములు వెలిగించువారు, ఏకాదశి తప్పక ఉపవసించువారు కూడ ఒకనాడు ఇంటివారిపై పూర్వమువలెనే కోపించి, పిదప ఒంటరిగా కూర్చుండి, "ఇంత చేసియు నేను మారలేదే" యని చింతింతురు. అట్టివారి కొరకే ఈ ప్రసంగము. మార్పు ఎట్లు జరుగునో, దేనిని విడువవలెనో, ఏది మనతో కూడ వచ్చునో చూపుటకు భగవంతుడు మన పెరటి మొక్కపైననే ఒక గురువును నిలిపియున్నాడు. ఆ గురువు ఒక పురుగు.

పురుగును గురువనుట విని ఎవరును నవ్వుకొనవలదు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమునందు అవధూత యదుమహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను చెప్పినప్పుడు, వారిలో భూమి, ఆకాశము, సూర్యచంద్రులతో పాటు తేనెటీగయు, శలభమును, సాలెపురుగును, కందిరీగయు చేరినవి. నేర్చుకొనువానికి గురువు చిన్నవాడా, పెద్దవాడా యను విచారము లేదు.

శాస్త్రము చూపిన రెండు చిత్రములు

మన పెద్దలు పురుగును చూపి రెండు విషయములు చెప్పిరి. మొదటిది కోశకార దృష్టాంతము. కోశకారమనగా గూడు అల్లుకొను పట్టుపురుగు. భాగవతము షష్ఠ స్కంధమునందు, అజామిళోపాఖ్యానములో యమదూతలు జీవుని స్థితిని వర్ణించుచు, అజ్ఞానియైన దేహి తన కర్మలతోడనే తన్ను తాను కప్పుకొని, పట్టుపురుగువలె దారి తెలియక యుండునని చెప్పుదురు. ఆ దారము ఎవరో తెచ్చి చుట్టినది కాదు. పురుగు నోటినుండియే వచ్చినది. మన బంధములును అట్టివే.

రెండవది భ్రమరకీట న్యాయము. తుమ్మెద యొక పురుగును తెచ్చి మట్టిగూటిలో బంధించి, దాని చుట్టు ఝంకారము చేయుచుండగా, ఆ పురుగు భయముచేత తుమ్మెదనే ఎడతెగక తలచి తలచి, తుదకు తుమ్మెదయే యగునని చెప్పుదురు. సప్తమ స్కంధమునందు నారద మహర్షి ధర్మరాజునకు శిశుపాలుని సద్గతిని గూర్చి చెప్పుచు ఈ పోలికనే ఎత్తెను. ద్వేషముతో తలచినవాడే ఆయనను పొందగా, ప్రేమతో తలచువాని మాట చెప్పవలెనా యని దాని భావము.

మొదటి చిత్రము బంధమును చెప్పుచున్నది. రెండవది ధ్యానబలమును చెప్పుచున్నది. ఇంతవరకు మనలో చాలమంది విన్నదే. ఇక కొంచెము కష్టమైన ప్రశ్నకు వత్తము.

కన్నులు చూచిన సత్యము

నేడు కళాశాలలో జీవశాస్త్రము చదువుచున్న పిల్లలు ఇంటికి వచ్చి ఇట్లడుగుచున్నారు: "తాతగారూ, మట్టిగూటిలోని పురుగు కందిరీగగా మారదట. కందిరీగ దానిని కుట్టి, కదలలేనట్లు చేసి, గూటిలో ఉంచి, అందులో గ్రుడ్డు పెట్టి, మూతి మూసివేయునట. ఆ గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలతో బయటికి వచ్చునట. మరి మన పుస్తకములో చెప్పినది అసత్యమా?"

ఈ పిల్లవానిని గద్దించి కూర్చుండబెట్టుట తగదు. వాడు చెప్పినది నిజము. వేటాడు కందిరీగల నడవడిని ఫ్రాన్సు దేశపు జాఁ హెన్రీ ఫాబ్రే (1823–1915) ఓపికతో గమనించి విపులముగా వ్రాసెను. పూర్వులు పురుగు లోనికి పోవుట చూచిరి, కందిరీగ వెలికి వచ్చుట చూచిరి. నడుమ మట్టిగోడ యున్నది. వారు చూచినది చూచినట్లే చెప్పిరి.

అయినచో బోధ చెడినదా? చెడలేదు. దృష్టాంతము ఏకదేశమునందే అన్వయించునని మన శాస్త్రకారులు ముందే చెప్పియున్నారు. ముఖము చంద్రునివలె నున్నదనినప్పుడు చల్లదనమును, కాంతిని గ్రహింతుము గాని, మచ్చను, మాసమున కొకసారి క్షీణించుటను గ్రహింపము. ఎడతెగని చింతన మనస్సునకు ధ్యేయవస్తువు యొక్క ఆకారము నిచ్చునన్నదే ఇచ్చటి సారము. పగ పట్టినవాని ముఖము పగవాని ముఖమువలె అగుట, తల్లినే తలచు బిడ్డ మాటలలో తల్లి పలుకుబడి వచ్చుట మనము నిత్యము చూచుచున్నదే. కనుక ఆ సారమును నిలుపుకొని, పురుగు విషయమున సత్యమును సత్యముగా ఒప్పుకొందము. తప్పని తెలిసినదానిని పట్టుకొని వ్రేలాడుట భక్తి కాదు. మనము పూజించువాడు సత్యనారాయణుడు గదా.

అంతేకాదు, మట్టిగూటిలోని అసలు కథయందును మనకొక హెచ్చరిక యున్నది. లోపలికి వచ్చినది చిన్న గ్రుడ్డే. కాని మూతబడిన గూటిలో అది మనలనే తిని పెరుగును. జూదము, మద్యము, ఈర్ష్య ఇట్లే ప్రవేశించును. తుదకు గూటినుండి వెలికి వచ్చునది మనము కాదు, ఆ వ్యసనమే.

పట్టుపురుగు దినచర్య

పురుగు తానే రెక్కల ప్రాణిగా మారుట నిజముగా చూడవలెనన్న పట్టుపురుగును చూడవలెను. హిందూపురము, మదనపల్లె, పలమనేరు ప్రాంతముల రైతులకు ఇది ఇంటి పనియే. గ్రుడ్డునుండి సుమారు 10 దినములకు చీమతలయంత పురుగు వెలువడును. అది మల్బరీ ఆకు తప్ప మరొకటి కోరదు. సుమారు 25 దినములలో దాని బరువు పుట్టినప్పటికంటె దాదాపు 10,000 రెట్లగును. ఆ నడుమ నాలుగు మారులు అది ఆకు ముట్టక, తల యెత్తి కదలక నిలిచిపోవును. రైతులు దీనిని "జ్వరము" అందురు. మొదటి జ్వరము, రెండవ జ్వరము అని లెక్కింతురు. నిజమునకది రోగము కాదు. పాత చర్మము ఇరుకై, లోపల కొత్త చర్మము సిద్ధమగుచున్న సమయమది. నాలుగవ జ్వరము తీరిన పిమ్మట పురుగు విస్తారముగా తిని, తరువాత తిండి మాని, దేహము పసుపువన్నె గొని, తల యిటు నటు ఆడించుచు చోటు వెదకును. రైతు దానిని చంద్రికపై వేయును. రెండు మూడు దినములు ఎడతెగక తల త్రిప్పుచు, కొన్ని వందల మీటర్లు, మేలిజాతియైనచో వేయి మీటర్లకు పైబడిన ఒకే దారముతో గూడల్లుకొనును. లోపల ప్యూపాయై 10, 12 దినము లుండి, రెక్కలతో వెలికి వచ్చును.

అది వెలికి వచ్చు విధము మనము బాగుగా గమనింపదగినది. ఆ గూటిని అది కొరికి చింపలేదు. తన నోటినుండి ఒక ద్రవము నూరించి, దారములను అంటించియున్న జిగురును కరగించి, దారి చేసికొని వచ్చును. కట్టుకొన్నది ఆ నోటిదారమే, విప్పుకొన్నది ఆ నోటిద్రవమే. బంధమునకును మోక్షమునకును మనస్సే కారణమని పెద్దలు చెప్పుమాటకు ఇంతకంటె స్పష్టమైన చిత్రమేమున్నది? యమదూతలు చెప్పినది కథలో మొదటి సగము. గూడు తెరచుకొనుట రెండవ సగము. అజామిళుని కథయు నామస్మరణతో ముగియుచున్నది గాని పాశముతో కాదు.

గూటిలోపల జరుగునది

గూటిలో పురుగు నిద్రించుచున్నదని మనము తలతుము. నిజమునకు దాని జీవితములో ఇంత పని మరెన్నడును జరుగదు. ఆకు నమలు దవడలు, కడుపుక్రింది పొట్టికాళ్లు, వానిని కదపు కండలు అనేకము కరగిపోవును. ఆ సారముతోనే కొత్త అవయవములు నిర్మాణమగును. అయితే రెక్కలు ఆనాడే కొత్తగా పుట్టినవి కావు. పురుగు ఆకు తినుచు ప్రాకుచున్న దినములలోనే రెక్కలకు మూలమగు చిన్న కణసముదాయములు దాని దేహములో దాగియున్నవి. హాలెండు దేశపు జాన్ స్వామర్‌డామ్ 1669లో ప్రకటించిన గ్రంథముద్వారా పురుగు, ప్యూపా, రెక్కల ప్రాణి యనునవి ఒకే జీవియొక్క అవస్థలని నిరూపించెను. అంతవరకు ఐరోపాలో పలువురు ఒకటి చచ్చి మరొకటి పుట్టునని తలచుచుండిరి.

రెక్కలు లోపల నుండియు పురుగుగానే ఏల యుండును? దాని తలలో మెదడునకు సమీపమున గల చిన్న గ్రంథులు ఒక రసమును స్రవింపజేయుచుండును. శాస్త్రజ్ఞులు దీనిని బాల్య హార్మోను అందురు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విన్సెంట్ విగిల్స్‌వర్త్ 1930ల దశకమున కీటకములపై చేసిన పరిశోధనలతో దీని ప్రభావము తెలియవచ్చెను. ఈ రసము అధికముగా నున్నంతవరకు పురుగు చర్మము విడిచినను మరల పెద్ద పురుగే యగును. అది తగ్గినప్పుడే రూపము మారును.

సాధకులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. మనలోను రెక్కలు ముందే యున్నవి. ఆత్మస్వరూపము బయటినుండి తెచ్చి అతికించునది కాదు. ఉన్నదే వెల్లడి కావలెనని వేదాంతము చెప్పుచున్నది. మరి ఇరువది సంవత్సరములు పారాయణము చేసియు పూర్వపు మనిషిగానే యుండుట యేల? ఒక వ్రతము చేసితిమి, చర్మము మారినది. ఒక యాత్ర చేసితిమి, మరల చర్మము మారినది. కాని "నాది, నాకు, నన్నే" యను బాల్యరసము లోపల ఊరుచునే యున్నది. అది తగ్గని యెడల ఎన్ని చర్మములు విడిచినను పెద్ద పురుగులమే యగుదుము.

మార్పులోను మిగులునది

ఇంకొక విషయము. లోపల అంతయు కరగిపోదు. శ్వాసనాళములు, నాడీమండలము నశింపక, మార్పుచెంది నిలుచును. అమెరికా దేశమందలి జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2008లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. పొగాకు మొక్కపై బ్రతుకు ఒక జాతి గొంగళిపురుగులకు ఒక వాసన చూపి, వెంటనే స్వల్పమైన విద్యుదాఘాతము కలిగించుచు, ఆ వాసననుండి తొలగునట్లు నేర్పిరి. పురుగుగా చివరి దశలో ఈ పాఠము నేర్చినవానిలో చాలవరకు, రెక్కల పురుగులైన పిమ్మటను ఆ వాసననుండి తొలగినవి. చిన్న దశలో నేర్చినవానికి రెక్కలు వచ్చుసరికి అది నిలువలేదు.

దీనిని మేము శాస్త్రప్రమాణముగా నిలబెట్టుట లేదు. పురుగు మెదడు వేరు, జీవుని గతి వేరు. కాని పోలికగా ఇది మనకెంత దగ్గరగా నున్నది! రూపము మారినను వాసనలు వెంటవచ్చునని మన పెద్దలు చెప్పుదురు. భగవద్గీత ఎనిమిదవ అధ్యాయమున భగవానుడు, అంత్యకాలమున ఏ భావమును స్మరించుచు దేహము విడుచునో దానినే జీవుడు పొందునని చెప్పి, కనుక సర్వకాలములందును తన్నే స్మరింపుమని అర్జునునకు ఆనతిచ్చెను. అంత్యకాలమేదో మనకు తెలియదు గనుక ప్రతి దినమును చివరి దశగానే భావించి స్మరింపవలెను. ఇరువది సంవత్సరముల పారాయణము తరువాతను పాత కోపము వచ్చినదన్నచో, సాధన వ్యర్థమని కాదు. పాత వాసన యింకను ఉన్నదని మాత్రమే. సాధన నేర్పినదియు అట్లే లోపల నిలిచియున్నది. ఏది మిగులునో తెలిసినప్పుడు ఏది నేర్చుకొనవలెనో తెలియును.

ఒక చిత్రకారిణి తపస్సు

పురుగు మార్పును కన్నులార చూచి, చిత్రకళనే జీవితవ్రతముగా చేసికొన్న ఒక స్త్రీని ఇచ్చట స్మరించుట ఉచితము. ఆమె పేరు మారియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. మూడవ యేటనే తండ్రి గతించగా, చిత్రకారుడైన మారుటితండ్రి యొద్ద బొమ్మలు వేయుట నేర్చెను. 13 యేండ్ల ప్రాయమున పట్టుపురుగులను పెంచి గమనింప మొదలిడెను. పురుగులు బురదనుండి తమంత తామే పుట్టునని చాలమంది నమ్ముచున్న కాలమది. ఆమె మాత్రము గ్రుడ్డునుండి రెక్కలవరకు తానే పెంచి చూచి, చూచినదానినే గీసెను.

1679లో ఆమె ప్రచురించిన గొంగళిపురుగుల గ్రంథమునందు 50 చిత్రఫలకములు గలవు. 1699లో, 52 యేండ్ల వయస్సున, తన చిత్రములు అమ్మి ధనము కూర్చుకొని, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని, దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడ యెక్కెను. అచ్చటి అడవులలో స్థానికుల సహాయముతో పురుగులను సేకరించి, జబ్బుపడి 1701లో తిరిగి వచ్చి, 1705లో సురినాము కీటకముల రూపాంతరములను గూర్చి 60 ఫలకముల మహాగ్రంథమును వెలువరించెను. 1717లో ఆమ్‌స్టర్‌డామునందు కన్నుమూసెను. 1992లో జర్మనీ వెలువరించిన 500 మార్కుల నోటుపై ఆమె ముఖము ముద్రింపబడెను. వెనుకవైపున మొక్కపై గొంగళిపురుగును, రెక్కల పురుగును వేసిరి.

ఆమె చిత్రములలోని విశేషమేమనగా, గ్రుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కల ప్రాణి, అది తిను మొక్క – అన్నియు ఒకే పుటలో కనబడును. కాలక్రమమున వేరువేరుగా నుండునవి చూచువాని కన్నుల ఎదుట ఒక్కటై నిలుచును. పురుగును చూచి అసహ్యించుకొను అవకాశమును ఆ చిత్రము మనకీయదు. దాని రెక్కలు ప్రక్కనే యున్నవి గదా.

ఈ దృష్టి మన శిల్పులకును చిత్రకారులకును కొత్తది కాదు. ఒకే స్తంభముపై మత్స్యమునుండి కల్కివరకు దశావతారములను చెక్కి, రూపములు పది, వస్తువు ఒకటి యని చూపిరి. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై చిత్రములును, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములును కథను గడులుగా, వరుసలుగా చూపి, ఆద్యంతములను ఒక్క చూపునకు అందించుచున్నవి. కోడలిని, కుమారుని, పొరుగువారిని మనము ఒక్క నాటి రూపముతో కొలుచుచున్నాము. వారి రెక్కల పుట మనమింకను చూడలేదు. మన పుటయు ముగియలేదు.

జిల్లేడు ఆకుపై పాఠశాల

ఈ పాఠమునకు దూరదేశములకు పోనక్కరలేదు. వినాయకచవితి పత్రిలో చేరు అర్కపత్రము, రథసప్తమినాడు తలపై నుంచుకొను జిల్లేడు ఆకు మనకు పవిత్రములు. ఆ జిల్లేడుపైననే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనబడును. జిల్లేడు పాలు విషము. ఆ పురుగు ఆ విషమునే దేహమున నిలుపుకొని, పక్షులనుండి రక్షణగా చేసికొని, తుదకు నారింజవన్నె సీతాకోకచిలుకయై ఎగురును. హాలాహలమును కంఠమున నిలుపుకొన్న స్వామిని తలపింపజేయు ప్రాణి యిది. నిమ్మ, కరివేపాకు మొక్కలపై మరియొకజాతి పురుగుండును. అది మొదట పక్షిరెట్టవలె కనబడి, పిదప ఆకుపచ్చయై, నడుమునకు ఒక దారము కట్టుకొని ప్యూపాగా నిలుచును.

తల్లిదండ్రులు పిల్లలచేత ఒక పురుగును గమనింపజేసి, ప్రతి దినము ఒక చిన్న బొమ్మ వేయించవలెనని మా మనవి. ఆకు తెంచి సీసాలో బంధింపనక్కరలేదు, మొక్కయొద్దకే పోయి చూడవచ్చును. ఒక మాసములోపుగా ఒక కాగితముపై ఒక జీవితము నిలుచును. ఏకాగ్రత, ఓర్పు, భూతదయ మూడును ఆ కాగితముపైననే అలవడును.

పట్టువస్త్రము – ఒక ధర్మసందేహము

పట్టుపురుగును గురువని చెప్పి, మన దేహముపైనున్న పట్టువస్త్రమును గూర్చి మౌనము వహించుట న్యాయము కాదు. పురుగు గూడు తెరచుకొని వచ్చినచో దారము తెగిపోవును. కనుక సాధారణముగా గూళ్లను ఆవిరికి గాని, వేడిగాలికి గాని గురిచేసి, లోపలి ప్రాణిని చంపి దారము తీయుదురు. ఒక చీరకు వేలకొలది గూళ్లు కావలెను. 1994లో సిద్ధిపొందిన కంచి పరమాచార్యులు ఈ కారణముచేతనే పట్టును విడువుడని భక్తులకు బోధించుచుండెడివారు. చేనేతరంగమున పనిచేసిన మన కుసుమ రాజయ్యగారు, 1990ల దశకమునుండి, పురుగు వెలికిపోయిన పిదప మిగిలిన గూళ్లనుండి నూలు వడికి "అహింసా పట్టు" నేయించు మార్గమును చూపిరి.

ధర్మవరము, పోచంపల్లి, గద్వాల వంటి చోట్ల నేతగాండ్రకును, మల్బరీ రైతులకును పట్టే జీవనాధారమని మేమెరుగుదుము. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఇంట నున్న పట్టును జాగ్రత్తగా, కృతజ్ఞతతో ధరింతము. కొత్తది కొనునప్పుడు మాత్రము ఒక్క క్షణమాగి, ఇది అవసరమా, లేక నలుగురి కన్నుల కొరకా యని మనలను మనమే ప్రశ్నించుకొందము. ఉతికి ఆరవేసిన నూలుబట్టయు మడికి పనికివచ్చునని అందరెరిగినదే.

సాధకునకు సారము

ఇంతవరకు చెప్పినదానిని ఆచరణకు తెచ్చుకొందము. పురుగు మొదట బాగుగా తినును. మనమును మొదట శ్రవణమును సమృద్ధిగా చేయవలెను. నడుమ నడుమ "జ్వరము" వచ్చును. జపము రుచింపని, మనస్సు మొద్దుబారిన దినములవి. అప్పుడు సాధన విడువక ఓర్చుకొనవలెను, అది చర్మము మారు సమయము కావచ్చును. పిదప పురుగు తిండి మాని గూడు చేరును. వారమునకొక పూటయైనను మౌనముగా, ఒంటరిగా నుండుట మనకు గూడు. ఆ గూటిలో బాల్యరసమైన అహంకారమును తగ్గించుకొనవలెను.

గూటినుండి వచ్చిన వెంటనే ఏ సీతాకోకచిలుకయు ఎగురదు. దాని రెక్కలు తడిసి ముడుతలుపడి యుండును. అది కొమ్మను పట్టుకొని వ్రేలాడుచు, దేహమునందలి ద్రవమును రెక్కల నాళములలోనికి పంపి, విప్పి, ఆరువరకు వేచియుండును. నాలుగు దినములు ధ్యానము కుదిరినంతనే ఇతరులకు బోధింప బయలుదేరువారు ఈ నిరీక్షణను మరువరాదు. తుదకు పట్టుపురుగు రెక్కలు వచ్చిన పిదప ఆహారమే తినదు. కొలది దినములలో వందలకొలది గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. పూర్ణత పొందినదానికి తీసికొనుట లేదు, ఇచ్చుటయే కలదు.

మారలేదని చింతించు భక్తులారా, మీ చింతయే గూటిలో జరుగుచున్న కదలికకు గురుతు. గోడ కదలకపోవచ్చును, లోపల పని సాగుచునే యున్నది. దారము మీ నోటిదే, దానిని కరగించు నామమును మీ నోటిదే. ఆ నామమును విడువకుడు. సర్వాంతర్యామియైన స్వామి మన యందరి గూళ్లను తగిన కాలమున తెరపించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.